దుబాయ్‌లో ఈద్ ఒక రోజు ముందెందుకు?

చిరంజీవులకు,

హైదరాబాద్ నుంచి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ ఇంకా రోజా, అంటే ఉపవాసం, ఉంటుండగానే మీ దగ్గర ఈద్ నమాజ్ అయిపోతుందేమని అడిగారు కదా.

రంజాన్ నెలకు 29 రోజులా, 30 రోజులా అన్నది నెలవంక తేలుస్తుంది. 29వ సాయంత్రం కనబడితే మర్నాడే పండుగ. దుబాయ్ మనకు పడమర. మనకు పొద్దు గుంకిన గంటన్నరకు గానీ అక్కడ గుంకదు. గంటకు దాదాపు అర డిగ్రీ చొప్పున చంద్రుడు సూర్యుడికి దూరం జరుగుతాడు కాబట్టి, ఇక్కడ వెలుగులో కలిసిపోయిన వంక అక్కడ కంటికి ఆనవచ్చు. సౌదీ మరీ పడమర. పైగా ఎవరి సాక్ష్యం చెల్లుతుందన్నదీ ఉంది: నెలవంకను నిర్ధారించే ఇక్కడి కమిటీ మన దేశంలో కనబడిందన్న కబురు కోసం చూస్తుంది.

ఇంకో తమాషా. బుర్జ్ ఖలీఫాలో 80వ అంతస్తు పైన ఉండేవాళ్లు రెండు నిమిషాలు, 150 పైవాళ్లు మూడు నిమిషాలు ఆగి రోజా విప్పాలని అక్కడి మతపెద్దలు చెప్పారు. అంత ఎత్తుకు సూర్యుడు ఇంకా కనబడుతూనే ఉంటాడు మరి!

పక్కింటివాళ్లకు ఇఫ్తార్‌కి ఏదైనా పంపితే మగ్రిబ్ అజాన్‌కు, అంటే పొద్దు గుంకగానే వినిపించే నమాజ్ పిలుపుకు, పావుగంట ముందే అందాలి. ముందు ఖర్జూరం, నీళ్లు, ఆపైన నమాజ్, తర్వాతే భోజనం. మధ్యలో వెళ్లి తలుపు కొట్టకండి.

ఇక ఈద్ నాడు చేసే తీపి, షీర్ ఖుర్మా. షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. అది లేకపోతే మన సేమియా పాయసమే. పది ఎండు ఖర్జూరాలు రాత్రే నానబెట్టి, సన్నగా తరిగి, బాదం, పిస్తా, సారపప్పుతో కలిపి రెండు చెంచాల నేతిలో వేయించండి. లీటరు చిక్కటి పాలు ముప్పావుకు మరగాలి. సేమియా 50 గ్రాములే, అదీ వెంట్రుకలా సన్నది. అక్కడ అన్నంలో వేసే పొట్టి, లావు సేమియా కొనుక్కొచ్చారంటే ముద్దవుతుంది. సెగ తగ్గించి వేయించండి, నిమిషంలో మాడుతుంది. వేయించినవన్నీ పాలల్లో వేసి, పంచదార 80 గ్రాములు కలిపి రుచి చూడండి, ఖర్జూరం తీపి ఎలాగూ ఉంది. మీ దగ్గర విరివిగా దొరికే మెత్తటి ఖర్జూరం మరిగే పాలల్లో వేస్తే పాలు విరగొచ్చు. అదే వాడాల్సి వస్తే పొయ్యి కట్టేశాక కలపండి. దింపాక కూడా సేమియా ఉబ్బుతుంది, కనుక తాగేంత పలచగా ఉండగానే దింపాలి. గట్టిపడితే కాస్త వేడి పాలు పోయండి, నీళ్లు వద్దు.

మీ
తాతయ్య