చౌషెస్కు చివరి రోజులు: క్లాసులో నాకు ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. రొమేనియాకి మా సిలబస్‌లో అరపేజీ కూడా దక్కదు. "1989లో తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిపోయాయి" అనే వాక్యంలో అదీ ఒక పేరు, అంతే. అయినా పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడిగేది దాని గురించే. ఫోన్లలో తిరిగే ఆ వీడియో ముక్క అందరూ చూసి ఉంటారు. బాల్కనీలో బొచ్చు టోపీ పెట్టుకున్న ముసలాయన, కింద మైదానం నిండా జనం. ఉన్నట్టుండి ఆయన మాట ఆగిపోతుంది, చెయ్యి గాల్లోనే ఉండిపోతుంది.

ముందు పేరు సంగతి. సీసెస్కూ, సియాసెస్కూ, కౌసెస్కు... అన్ని రకాలూ విన్నాను. అక్కడివాళ్ళు పలికేది చౌషెస్కు అని. నికొలాయ్ చౌషెస్కు. 1965 నుంచి పార్టీకి, 1974 నుంచి అధ్యక్షుడిగా దేశానికీ పెద్ద దిక్కు. భార్య ఎలెనా మొదటి ఉప ప్రధాని.

అపోహ: శ్రీలంకలాగా అప్పులు కట్టలేక దేశం దివాలా తీసింది, అందుకే జనం తిరగబడ్డారు.

2022 తర్వాత చేరిన బ్యాచ్‌లన్నీ ఇదే చెప్తున్నాయి. జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 1980ల మొదట్లో రొమేనియాకి సుమారు 1,000 కోట్ల డాలర్ల విదేశీ అప్పు ఉండేది. మొత్తం తీర్చి తీరాలని చౌషెస్కు పంతం పట్టాడు. 1989 ఏప్రిల్‌లో తీర్చేశామని ప్రకటించాడు కూడా. ఎలా తీర్చాడన్నదే అసలు కథ. పండిన తిండి, తీసిన నూనె, తయారైన సరుకు ఎగుమతికి పోయాయి. ఇంట్లో జనానికి రొట్టె, నూనె, పంచదార రేషన్. మాంసం కోసం తెల్లారకముందే క్యూ. చలికాలంలో ఫ్లాట్లలో వేడి సరిపోక కోటు వేసుకునే పడుకునేవాళ్ళు. టీవీ రోజుకి రెండు గంటలే వచ్చేది. ఆ రెండు గంటల్లోనూ ఎక్కువ భాగం ఆయన గురించే.

అప్పు తీరాక కూడా బిగింపు సడలలేదు. అప్పున్నంత కాలం "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి" అనే సాకైనా ఉండేది. ఏప్రిల్ తర్వాత అదీ లేకపోయింది. నవంబరు చివర్లో పార్టీ మహాసభ ఆయన్నే మళ్ళీ ఎన్నుకుని, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటికి బెర్లిన్ గోడ పడి రెండు వారాలైంది.

అపోహ: ఉపన్యాసం మధ్యలో జనం ఎదురు తిరగగానే హెలికాప్టర్ ఎక్కి పారిపోయాడు.

రీల్‌లో రెండు షాట్లూ పక్కపక్కనే అతికిస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది. మధ్యలో ఒక రోజు ఉంది, ఆ ఒక్క రోజే అన్నిటినీ మార్చింది.

కథ రాజధాని బుకారెస్ట్‌లో మొదలవలేదు. పడమటి సరిహద్దు దగ్గర తిమిషోరా అనే ఊళ్ళో లాస్లో టోకెష్ అనే హంగేరియన్ పాస్టర్‌ని ఇల్లు ఖాళీ చేయించబోయారు. డిసెంబరు 15, 16 తేదీల్లో ఆయన చర్చి వాళ్ళు అడ్డంగా నిలబడ్డారు. తర్వాత వాళ్ళతో రొమేనియన్లూ కలిశారు. 17న కాల్పులు జరిగాయి. 18 పొద్దున చౌషెస్కు ఏం చేశాడో తెలుసా? ముందే అనుకున్న పర్యటన ఉందని ఇరాన్ విమానం ఎక్కాడు! ఊరు తగలబడుతుంటే పెద్దమనిషి పెళ్ళికి వెళ్ళినట్టు. 20న తిరిగొచ్చేసరికి తిమిషోరా చేజారిపోయింది.

మర్నాడు, 21న, బుకారెస్ట్‌లో సభ పెట్టాడు. ఫ్యాక్టరీల నుంచి కార్మికుల్ని తోలుకొచ్చి, చేతికి ప్లకార్డులిచ్చి నిలబెట్టారు. జనసమీకరణ గురించి మనకెవరూ చెప్పనక్కర్లేదు. అలా తెచ్చిన జనంలోనే వెనక వైపు నుంచి అరుపులు లేచాయి, తొక్కిడి మొదలైంది. ఆయన "అలో, అలో" అని ఫోన్లో లైన్ కట్టయినవాడిలా మైకులో పిలుస్తుంటే, ఎలెనా పక్క నుంచి నోరు మూసుకోండని కేకలేసింది. కాసేపు టీవీ ప్రసారం ఆపేశారు. తర్వాత ఆయన మళ్ళీ అందుకుని, కనీస జీతం 2,000 లేయి నుంచి 2,200 చేస్తానన్నాడు. పాతికేళ్ళ పాలన మీద జనం మండిపడుతుంటే ఆయన ఇవ్వబోయింది ఆ 200.

ఆయన ఆ రాత్రి పారిపోలేదు. పార్టీ కార్యాలయంలోనే ఉన్నాడు. బయట యూనివర్సిటీ స్క్వేర్ దగ్గర కాల్పుల్లో యాభై మంది దాకా పోయారు. 22 పొద్దున రక్షణ మంత్రి వసీలె మిలియా తన తుపాకీ గుండుకే చనిపోయాడు. అది ఆత్మహత్యేనని 2005లో దర్యాప్తు తేల్చింది. ఆ రోజు మాత్రం రేడియో ఆయన్ని ద్రోహి అంది, సైనికులేమో చౌషెస్కు చంపించాడనుకున్నారు. సైన్యం మనసు అక్కడ విరిగింది.

మిలియా స్థానంలో జనరల్ విక్టర్ స్టన్‌కులెస్కుని పిలిచారు. తిమిషోరా అణచివేతలో పాల్గొన్న మనిషే ఈయన. అయితే ఈసారి ఆ బాధ్యత నెత్తిన పడకుండా ముందు జాగ్రత్త పడ్డాడు. మిలిటరీ ఆస్పత్రికి వెళ్ళి, విరగని కాలికి పట్టీ వేయించుకున్నాడు. కట్టుకాలుతో వచ్చి, సైన్యాన్ని బ్యారక్‌లకి మళ్ళించి, చౌషెస్కు దంపతుల్ని పైకప్పు మీది హెలికాప్టర్ ఎక్కించాడు. క్లాసులో ఈ కట్టుకాలు దగ్గర నేను పదిహేను నిమిషాలు ఆగుతాను. నియంత పడిపోయే రోజున ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు ఏం లెక్కలు వేసుకుంటారో పాఠ్యపుస్తకం చెప్పదు, ఆ పట్టీ చెప్తుంది.

అపోహ: తిమిషోరాలో వేలమందిని, దేశం మొత్తం మీద 60 వేల మందిని చంపించాడు.

ఈ తప్పు నాది కూడా. 1989లో నేను ఇంటర్ చదువుతున్నాను. పేపర్లో చదివిన అంకె బుర్రలో అలాగే ఉండిపోయింది. లెక్చరర్నయ్యాక చాలా ఏళ్ళు అదే అంకె బోర్డు మీద రాశాను.

అప్పట్లో ఒక్క తిమిషోరాలోనే నాలుగు వేలమందికి పైగా చనిపోయారని వార్తా సంస్థలు పంపాయి. రుజువుగా సామూహిక సమాధి ఫోటోలు వచ్చాయి. ఒక స్త్రీ శవం, ఆమె పొట్ట మీద పసిబిడ్డ... ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. తీరా చూస్తే అవి దిక్కులేనివాళ్ళని పూడ్చే శ్మశానంలోంచి తవ్వి తీసిన శవాలు. ఆమె జబ్బుతో పోయిన మనిషి, ఆ బిడ్డ ఆమె బిడ్డ కాదు.

అలాగని అక్కడేమీ జరగలేదనుకోకండి. నిజంగా చనిపోయినవాళ్ళు పదుల్లో ఉన్నారు. వాళ్ళలో 43 మంది శవాల్ని ఆస్పత్రి నుంచి దొంగతనంగా ఎత్తుకెళ్ళి బుకారెస్ట్‌లో దహనం చేయించారు. లెక్క తెలియకూడదని శవాల్నే మాయం చేశారు. అలాంటి చోట పుకారు నాలుగు వేలకి వెళ్ళడంలో వింతేముంది?

ఆ డిసెంబరులో చనిపోయినవాళ్ళు అధికారిక లెక్క ప్రకారం 1,104 మంది. అందులో చౌషెస్కు పారిపోయేలోపు పోయినవాళ్ళు 162. మిగతా 942 మంది, ఆయన పారిపోయాక. ఈ రెండో అంకె చెప్పగానే క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

అపోహ: ఆ 942 మందినీ చంపింది ఆయన కోసం పోరాడిన రహస్య పోలీసు "టెర్రరిస్టులు".

కొత్త ప్రభుత్వం ఆ రోజుల్లో టీవీలో రాత్రీ పగలూ చెప్పింది ఇదే. అలాంటి టెర్రరిస్టు అని ఒక్కడికి కూడా ఇప్పటిదాకా శిక్ష పడలేదు. ఒక్క ఒటోపెని విమానాశ్రయం తీసుకోండి. డిసెంబరు 23న అక్కడికి కాపలాకి వస్తున్న సైనికుల మీద, శత్రువులనుకుని అక్కడున్న సైనికులే కాల్చారు. 48 మంది పోయారు. అయోమయం, పుకారు, చేతిలో తుపాకీ. అయితే ఆ పుకార్లని కావాలనే పుట్టించారా? అధికారం అందుకున్న ఇయోన్ ఇలియెస్కు మీద ప్రాసిక్యూటర్లు మానవత్వంపై నేరాల కేసు పెట్టింది సరిగ్గా ఈ పాయింట్ మీదే. తీర్పు రాకుండానే 2025 ఆగస్టులో ఆయన చనిపోయాడు. "ముందే అనుకున్న కుట్రా, ప్రజల విప్లవమా" అని పిల్లలు ఒక్క ముక్కలో చెప్పమంటారు. తిమిషోరాలో రోడ్డెక్కినవాళ్ళని ఎవరూ తోలుకురాలేదు. 22 రాత్రికల్లా బుకారెస్ట్‌లో కుర్చీ పట్టుకున్నవాళ్ళు వేరే మనుషులు. నా మట్టుకు నాకు ఇవి రెండు కథలు, ఒకటి కాదు.

అపోహ: ముస్సోలినీకి పట్టిన గతే పట్టింది, జనం పట్టుకుని చంపేశారు.

ముస్సోలినీని 1945లో చంపాక మిలాన్‌లో తలకిందులుగా వేలాడదీశారు. దాన్నీ దీన్నీ కలిపేస్తుంటారు. చౌషెస్కు జనం చేతికి చిక్కలేదు. 22 మధ్యాహ్నం హెలికాప్టర్ స్నాగోవ్ సరస్సు దగ్గరి భవనంలో దిగింది. అక్కడ వెంట ఉన్న ఇద్దరు నాయకులు విడిపోయారు. మళ్ళీ ఎగిరాక పైలట్, మనల్ని కూల్చేస్తారని చెప్పి రోడ్డు పక్కన దింపేశాడు. నిన్నటిదాకా దేశాన్ని ఏలిన మనిషికి అక్కడి నుంచి లిఫ్ట్ అడగడమే గతి. బాడీగార్డులు ఒక డాక్టరుగారి ఎర్ర డాచియా కారు ఆపారు. కాసేపటికి ఆయన ఇంజిన్ పాడైందని నాటకమాడి వదిలించుకున్నాడు. తర్వాత కారు కడుక్కుంటున్న ఇంకొకాయన్ని బలవంతంగా ఎక్కించుకున్నారు. తిర్గోవిష్టె ఊళ్ళో మొక్కల సంరక్షణ కేంద్రంలో తలదాచుకుందామంటే, అక్కడి అధికారి గదిలో పెట్టి బయట తాళం వేశాడు. పోలీసులొచ్చి ఎక్కించుకుని, ఎటు గాలి వీస్తుందో తెలిసేదాకా గంటల తరబడి తిప్పి, సాయంత్రానికి సైనిక శిబిరంలో అప్పగించారు.

మూడు రోజులు ఆ శిబిరంలోనే. సైనికుల తిండే వాళ్ళకీ పెట్టారు. డిసెంబరు 25న బుకారెస్ట్ నుంచి హెలికాప్టర్లలో జడ్జీలు, లాయర్లు వచ్చారు. ఏర్పాట్లు చూసింది మన కట్టుకాలు జనరలే.

విచారణ గంట సేపు. మతి స్థిమితం లేదని ఒప్పుకోమని డిఫెన్స్ లాయర్లు సలహా ఇచ్చారు, దంపతులిద్దరూ ఒప్పుకోలేదు. తర్వాత ఆ లాయర్లే ప్రాసిక్యూటర్ కన్నా గట్టిగా వాళ్ళని తిట్టిపోశారు. జాతీయ శాసనసభ ముందు తప్ప ఇక్కడ జవాబు చెప్పనని చౌషెస్కు మొండికేశాడు. మొదటి అభియోగం 60 వేల మందిని చంపిన జాతిహత్య. నేను బోర్డు మీద రాసిన అంకె అదే.

నాకు ఇక్కడే మండుతుంది. నిజంగా చేసిన ఘోరాలు తక్కువా? 1966లో తెచ్చిన 770వ డిక్రీతో గర్భస్రావాన్ని నిషేధించాడు. చాటుమాటు గర్భస్రావాలతో తొమ్మిది వేలకు పైగా స్త్రీలు చనిపోయారని అంచనా. పెంచలేక వదిలేసిన పిల్లలు లక్షకు పైగా అనాథాశ్రమాల్లో మగ్గిపోయారు. వీటికి బాధ్యులెవరో తేల్చడానికి ఒక్క సాక్షినీ పిలవలేదు. పిలిస్తే డిక్రీ అమలు చేసిన డాక్టర్లు, పోలీసులు, పార్టీ పెద్దలు అందరూ బోనెక్కాలి. ఇద్దరు ముసలివాళ్ళని గంటలో ముగించడం తేలిక.

అపోహ: కాల్చి చంపడం మొత్తం వీడియోలో ఉంది.

లేదు. చేతులు కడుతుంటే ఎలెనా గొడవ పడటం, మిమ్మల్ని తల్లిలా పెంచానని కుర్రాళ్ళతో అనడం ఉంది. బయటికి తీసుకెళ్ళగానే ముగ్గురు పారాట్రూపర్లు కాల్చేశారు. కెమెరామన్ పరుగెత్తుకొచ్చేసరికి దుమ్ము, చివరి తూటాలు మాత్రమే మిగిలాయి. ఆయనకి 71, ఆమెకి 73.

అపోహ: స్విస్ బ్యాంకుల్లో వందల కోట్లు దాచాడు.

అభియోగాల్లో ఉంది, 100 కోట్ల డాలర్లకు పైగా అని. రొమేనియా పార్లమెంటు కమిటీ వెతికి, ఆధారాలు దొరకలేదని 2008లో తేల్చింది. దేశమంతా తనదే అనుకున్నవాడికి వేరే ఖాతా ఎందుకు, అని ఒక విద్యార్థి అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

అపోహ: సమాధిలో ఉన్నది ఆయన కాదు, డూప్.

2010లో తవ్వి తీసి డీఎన్ఏ పరీక్ష చేశారు. ఆయనే.

ఇక ఆ జనరల్ సంగతి, పిల్లలు తప్పకుండా అడుగుతారు. తిమిషోరా కాల్పుల కేసులో స్టన్‌కులెస్కుకి 2008లో 15 ఏళ్ళ శిక్ష ఖాయమైంది. చౌషెస్కు దంపతుల మీద తీర్పు చదివిన జడ్జి జికా పోపా 1990 మార్చి 1న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సైనిక శిబిరం 2013 నుంచి మ్యూజియం. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తే తూటాలు దిగిన గోడ అలాగే ఉంటుంది. అలా గోడ ముందు నిలబెట్టడం రొమేనియాలో అదే ఆఖరు. 13 రోజుల తర్వాత, 1990 జనవరి 7న, కొత్త ప్రభుత్వం మరణశిక్షని రద్దు చేసింది.