గెలాడా కోతులు: అపోహలు – వాస్తవాలు

ఇథియోపియా ఎత్తైన పీఠభూముల్లో తప్ప మరెక్కడా సహజంగా కనిపించని గెలాడాల గురించి, ప్రైమేట్ల ప్రవర్తనపై పనిచేసే మమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఫొటోలు చూసి పుట్టినవే. ఎర్రటి ఛాతీ, పొడవాటి కోరలు, జూలు చూసినవారికి అది క్రూరజంతువుగా తోచడంలో వింత లేదు.

అపోహ: ఇది వేటాడే బబూన్.

వాస్తవం: బబూన్లకు ఇది దగ్గరి బంధువే గాని, దీని ప్రజాతి వేరు. థెరోపిథెకస్ అనే ఆ ప్రజాతి జీవులు ఒకప్పుడు ఆఫ్రికాలో అనేక చోట్ల ఉండేవి. మన శివాలిక్ కొండల్లోనూ ఒక శిలాజం దొరికింది. నేడు మిగిలింది గెలాడా ఒక్కటే. కోరలు మగవాటి మధ్య పోట్లాటలకు పనికివస్తాయి. కడుపు నింపేది మాత్రం గడ్డి. గెలాడా చతికిలబడి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పరకలను ఒక్కొక్కటిగా గిల్లి, గుప్పెట నిండాక నోట్లో పెట్టుకుంటుంది. లేవకుండానే పిరుదుల మీద ముందుకు జరిగి మళ్లీ మొదలుపెడుతుంది. ఎండాకాలంలో పచ్చిక ఎండిపోతే నేల తవ్వి వేర్లు, దుంపలు తింటుంది. మన కొండముచ్చుకు ఆకులను పులియబెట్టే గదుల పొట్ట ఉంది. గెలాడాకు అది లేదు కనుక, ఎత్తైన దంతాలతో గడ్డిని మెత్తగా నమలడం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అయితే గడ్డి తప్ప మరేదీ ముట్టదనడమూ పొరపాటే. పశువుల మేత ఒత్తిడి తక్కువగా ఉన్న గ్వాసా ప్రాంతంలో గడ్డిజాతి కాని చిన్న మొక్కలను బాగా తింటుంది, పురుగులనూ వదలదు.

అపోహ: ఛాతీ మీది ఎరుపు గాయం.

వాస్తవం: అది వెంట్రుకలు లేని చర్మం. గుంపుకు నాయకత్వం వహించే మగవాటిలో ఆ రంగు ఒంటరి మగవాటికన్నా ముదురుగా ఉంటుంది. ఆడవాటిలో ఎదకు వచ్చినప్పుడు దాని చుట్టూ నీటిబుడగలు పూసలదండలా తేలుతాయి.

అపోహ: గుంపంతా మగదాని చెప్పుచేతల్లో ఉంటుంది.

వాస్తవం: గుంపుకు వెన్నెముక రక్తసంబంధం గల ఆడవే. అవి సాధారణంగా పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి. మగది కొన్నేళ్లు పెత్తనం చేసి, బయటినుంచి వచ్చిన మరో మగదాని చేతిలో ఓడిపోతుంది. అలా వచ్చినది పాత నాయకుడి పసిపిల్లలను చంపే ప్రమాదం ఎక్కువ. సిమియెన్ పర్వతాల్లో జరిపి 2012లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నాయకుడు మారాక గర్భంతో ఉన్న ఆడవాటిలో సుమారు 80 శాతానికి గర్భం నిలవలేదు. చంపబడే పిల్లను మోసి కనడంకన్నా త్వరగా మళ్లీ గర్భం దాల్చడం తల్లికి లాభమన్నది దీనికి పరిశోధకులు చెప్పే వివరణ. నా దృష్టిలో గెలాడాల గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఇదే. ఫొటోల్లో ఇది కనబడదు.

అపోహ: పై పెదవి తిప్పితే నవ్వుతున్నట్టు.

వాస్తవం: కాదు. పెదవిని ముక్కు మీదికి మడిచి చిగుళ్లు చూపడం ఉద్రిక్తత వేళ ఇచ్చే సంకేతం. సెల్ఫీకి అది సమయం కాదు.

అపోహ: తోడేళ్లతో స్నేహం చేస్తాయి.

వాస్తవం: గ్వాసాలో ఇథియోపియా తోడేళ్లు గెలాడా మందల మధ్య తిరుగుతూ ఎలుకలను పడతాయి. మందలో ఉన్నప్పుడు వాటి ప్రయత్నాల్లో 67 శాతం, విడిగా ఉన్నప్పుడు 25 శాతం ఫలించాయని 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పిల్లల జోలికి రానంతవరకు గెలాడాలు వాటిని పట్టించుకోవు. ఒకసారి ఒక తోడేలు పిల్లను పట్టుకోగా, పెద్దవి మీదపడి దాన్ని విడిపించి, తోడేలును తరిమివేశాయి.