కుక్కపిల్ల గుర్రుమంటే నోరు మూయించొద్దు

మూడు నెలల కుక్కపిల్ల గిన్నెలో పెరుగన్నం తింటోంది. ఇంట్లో పిల్లాడు దాన్ని చూసి ముచ్చటపడి పక్కన కూర్చుని గిన్నె మీదికి చెయ్యి చాపాడు. అది తినడం ఆపింది, ఒళ్ళు బిగబట్టింది, గొంతులోంచి చిన్నగా గుర్రుమంది. చాలా ఇళ్ళలో ఆ తర్వాత జరిగేది ఒకటే. ‘తిండి పెట్టేవాళ్ళ మీదకే వస్తావా?’ అంటూ పెద్దవాళ్ళు దాని మూతి మీద ఒక్కటి వేస్తారు. కానీ అది ఎవరి మీదకీ రాలేదు. మీదకు రావాల్సిన అవసరం పడకూడదనే గుర్రుమంది. ఈ ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ అర్థమైతే చాలా కుక్కకాట్లు జరగకుండానే ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

1977లో యూజీన్ మోర్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పక్షులకూ క్షీరదాలకూ మధ్య ఉన్న ఒక పోలికను వివరించాడు. బెదిరించేటప్పుడు అవి మందమైన, గరుకైన శబ్దాలు చేస్తాయి. భయపడినప్పుడు, బతిమాలేటప్పుడు సన్నగా కీచుమంటాయి. మందమైన గొంతు సాధారణంగా పెద్ద శరీరానికి గుర్తు. కాబట్టి దూరంగా ఉండమని చెప్పడానికి గుర్రుమనడం బాగా పనికొస్తుంది. కొట్లాటకు దిగితే గెలిచిన జంతువుకు కూడా గాయాలవుతాయి. చప్పుడు చేయడానికి అంత కష్టపడక్కర్లేదు.

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో తమాష్ ఫరాగో, పీటర్ పోంగ్రాట్స్ బృందం దీన్ని చక్కగా పరీక్షించింది. వాళ్ళు మూడు సందర్భాల్లో కుక్కల గుర్రును రికార్డు చేశారు. కుక్క తన ఎముకను కాపాడుకుంటున్నప్పుడు ఒకటి, కొత్త మనిషి బెదిరిస్తున్నట్టు మీదకు వస్తున్నప్పుడు ఒకటి, యజమానితో లాగుడాట ఆడుతున్నప్పుడు ఒకటి. తర్వాత ఒక గదిలో ఎముక పెట్టి, దాని వెనక గుడ్డ కప్పిన బోనులో స్పీకర్ దాచారు. వేరే కుక్క ఎముక దగ్గరికి రాగానే ఆ శబ్దాలను వినిపించారు. ఎముక కాపాడుకునే గుర్రు విన్న కుక్కలే ఎక్కువగా వెనక్కి తగ్గాయి. కొత్త మనిషిని బెదిరించే గుర్రు మన చెవికి దాదాపు అలాగే ఉంటుంది, అయినా దానికి అంతగా జంకలేదు. అంటే ఆ శబ్దంలో కోపం ఒక్కటే లేదు, దేని గురించి అన్న సమాచారం కూడా ఉంది. ఈ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి.

మనకూ ఆ సమాచారం కొంత అందుతుంది. 2017లో అదే బృందం మనుషులకు ఈ శబ్దాలు వినిపించి, ఏది ఏ సందర్భమో చెప్పమంది. మొత్తం మీద 63 శాతం జవాబులు సరిపోయాయి. ఆటలో గుర్రును 81 శాతం సార్లు గుర్తుపట్టారు. ఊరికే ఊహించి చెబితే మొత్తం జవాబుల్లో మూడో వంతే సరిపోయేవి. ఆడవాళ్ళు, అప్పటికే కుక్కలను పెంచుతున్నవాళ్ళు మిగతావారికంటే బాగా చెప్పారు.

ఆట గుర్రు తెంపులు తెంపులుగా, గబగబా వస్తుంది. కుక్కపిల్ల ముందు కాళ్ళు వంచి వెనక భాగం పైకెత్తుతుంది, నోరు వదులుగా తెరిచి ఉంటుంది, గెంతుతుంది, పారిపోయి మళ్ళీ వస్తుంది. మీ పైజామా అంచు పట్టుకుని గుంజుతూ చేసే గోల ఇదే. దీనికి టెన్షన్ పడక్కర్లేదు. మరీ రెచ్చిపోతే ఒక నిమిషం ఆట ఆపేస్తే సరి. అసలైన హెచ్చరికలో మాత్రం శరీరం కదలదు. గుర్రు సాగదీసినట్టు ఉంటుంది, కళ్ళలో తెల్లగుడ్డు కనిపిస్తుంది, ఒక్కోసారి తోక కాళ్ళ మధ్యకు పోతుంది. శబ్దం కంటే ముందు ఆ నిశ్చలత్వాన్ని గమనించడం నేర్చుకోవాలి.

దానికంటే ముందే ఇంకొన్ని సంకేతాలు వస్తాయి. నిద్ర రాకపోయినా ఆవలించడం, ముక్కు నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, లేచి వెళ్ళిపోవడం. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ వీటిని ఒక నిచ్చెన మెట్లుగా చూపించారు. గుర్రు ఆ నిచ్చెనలో చాలా పైన ఉంటుంది, దాని తర్వాతవి గాల్లో కొరకడం, నిజంగా కరవడం. కుక్కపిల్ల గుర్రుమందంటే అప్పటికే కిందిమెట్ల మీద మర్యాదగా చాలాసార్లు చెప్పి ఉండొచ్చు, మనం గమనించలేదన్నమాట.

మరి కొడితే ఏమవుతుంది? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన సర్వేలో, కుక్కను కొట్టామన్నవారిలో 43 శాతం మందికి, దాని మీద తిరిగి గుర్రుమన్నామన్నవారిలో 41 శాతం మందికి కుక్క కోపంగా ఎదురుతిరిగింది. అవన్నీ ప్రవర్తనలో ఇబ్బందులున్నాయని వైద్యుల దగ్గరికి తెచ్చిన కుక్కలు, కాబట్టి అన్ని కుక్కలకూ ఇవే అంకెలు వర్తించవు. అయినా దెబ్బ భయాన్ని తగ్గించదని మాత్రం తెలుస్తూనే ఉంది. ‘దానికి నువ్వే లీడర్‌వని చూపించు’ అనే సలహా బోనుల్లో కలిపి ఉంచిన, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళను చూసి పుట్టింది. అడవిలో తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లీ తండ్రీ పిల్లల కుటుంబమేనని తోడేళ్ళ మీద పరిశోధన చేసిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1999లోనే వివరించాడు.

ఎవరినీ కరవొద్దన్న సాధువు మాట విని బుసకొట్టడం కూడా మానేసి, పిల్లల చేత రాళ్ళదెబ్బలు తిన్న పాము కథ మనకు తెలుసు. కుక్క విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. దాని బుస ఆగిపోయినా కాటు ఆగదు. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ తిన్న కుక్కపిల్ల గుర్రుమనడం మానేస్తుంది, కానీ గిన్నె పోతుందన్న భయం అలాగే ఉంటుంది. ‘ఏ సూచనా లేకుండా కరిచేసింది’ అని మనం చెప్పుకునే కుక్కల్లో కొన్నిటికి ఆ సూచన ఇవ్వొద్దని మనమే నేర్పాం.

గుర్రుమన్న క్షణంలో చేయాల్సింది ఆగడం, నెమ్మదిగా వెనక్కి జరగడం. అలా చేస్తే అది గెలిచినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అది గెలుపు కోసం చూడటం లేదు, దూరం కోసం చూస్తోంది. అసలు పని ఆ తర్వాత ఉంది. అది తింటున్నప్పుడు, ఒళ్ళు బిగబట్టనంత దూరంలో నడుస్తూ, ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి దానివైపు వేసి వెళ్ళిపోండి. రోజులు గడిచేకొద్దీ దూరం కొంచెం కొంచెం తగ్గించండి. మనిషి వస్తే గిన్నెలోంచి పోయేదేమీ లేదు, ఇంకా మంచిది వస్తుందని దానికి అర్థమవుతుంది. ‘అలవాటు కావాలి’ అని తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టి కెలికే పద్ధతి ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. దయచేసి అది మానేయండి. చెప్పు నోట్లో పెట్టుకున్నా వెంటపడి లాక్కోకుండా, రుచికరమైనదేదైనా చూపించి మార్పిడి చేసుకోవాలి. పిల్లలను, కుక్కపిల్లను పెద్దవాళ్ళ కంటి ముందు తప్ప కలిపి వదలకూడదు.

ఎత్తుకున్నప్పుడో, చెవి ముట్టుకున్నప్పుడో ఉన్నట్టుండి గుర్రుమనడం మొదలైతే ముందు నొప్పి ఉందేమో చూడాలి. చెవిలో ఇన్‌ఫెక్షన్, కాలి వేళ్ళ మధ్య పిడుదులు, లోపలి గాయం ఏదైనా కావచ్చు. మూడు నాలుగు నెలల వయసు నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 శాశ్వత దంతాలు వస్తాయి, ఆ రోజుల్లో చిగుళ్ళు సలుపుతాయి. ట్రైనర్ కంటే ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

కొన్ని గుర్రులకు బీజం కుక్కపిల్ల మన ఇంటికి రాకముందే పడుతుంది. పళ్ళు ఎంత గట్టిగా నొక్కితే ఎదుటిదానికి నొప్పో కుక్కపిల్ల తోబుట్టువులతో కుస్తీపడుతూ నేర్చుకుంటుంది. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కొత్త మనుషులను, శబ్దాలను సులభంగా అంగీకరిస్తుంది. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అయినా నెల రోజుల కూనలను అట్టపెట్టెల్లో పెట్టి అమ్మడం, ముద్దొస్తున్నాయని మనం కొనడం ఆగలేదు.

ఎంత జాగ్రత్తపడినా ఎప్పుడైనా పన్ను దిగితే, అది పాలపన్నే కదా అని వదిలేయొద్దు. కూనలకూ రేబిస్ రావచ్చు, వాటికి రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో గానీ మొదలుపెట్టరు. గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం లాంటివి పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తి చేయండి.