పాస్‌పోర్ట్ ఒక దేశానిది, గడ్డ ఇంకో దేశానిది: ప్రవాస ఓటుపై అపోహలు - వాస్తవాలు

విదేశాల్లో ఉంటున్నవాళ్లకు వీసా, పౌరసత్వం, ఓటరు నమోదు కాగితాలు చూసిపెట్టడం నా పని. ఎన్నికల తేదీలు వచ్చాయంటే సగం టైమ్ వాట్సాప్‌లో తిరిగే మాటలను సరిచేయడానికే పోతుంది. గందరగోళమంతా ఒక్కచోటే పుడుతుంది. ఓటు ఇచ్చేది పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశం. ఆ ఓటును తన గడ్డ మీద వేయనివ్వాలా వద్దా అన్నది మాత్రం మనం ఉంటున్న దేశం చేతిలో ఉంటుంది.

అపోహ: ఎంబసీ అంటే మన దేశపు నేలే కదా, అక్కడ పోలింగ్ పెట్టుకుంటే ఎవరడుగుతారు?

ఆ నేల ఆతిథ్య దేశానిదే. దౌత్య సంబంధాలపై దేశాలు కుదుర్చుకున్న 1961 వియన్నా ఒప్పందం ఎంబసీకి రక్షణ ఇచ్చింది, అంటే అనుమతి లేకుండా స్థానిక పోలీసులు లోపల అడుగు పెట్టకూడదు. అంతవరకే. కాన్సులేట్లు ఏమేం చేయొచ్చో 1963 నాటి మరో వియన్నా ఒప్పందం 5వ అధికరణంలో జాబితాగా ఉంది. పాస్‌పోర్టులు, వీసాలు, నోటరీ పనులు అన్నీ ఉన్నాయి, ఎన్నికల ఊసే లేదు. జాబితా చివర, ఆతిథ్య దేశపు చట్టాలు నిషేధించని, ఆ దేశం అభ్యంతరం చెప్పని ఇతర పనులు కూడా చేయొచ్చని ఒక మాట ఉంది. పోలింగ్ బూత్ ఆ మాట మీదే నిలబడుతుంది.

కాబట్టి అభ్యంతరాలు వస్తుంటాయి. తుర్కియే పౌరులు జర్మనీలోని కాన్సులేట్లలో ఓటు వేస్తారు. కానీ మరణశిక్షను తిరిగి తేవడంపై తుర్కియే రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) పెడితే తమ గడ్డ మీద ఓటింగ్‌కు ఒప్పుకోబోమని జర్మనీ ప్రభుత్వం 2017లో చెప్పేసింది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నేతలు తమ ఎన్నికలకు ముందు మూడు నెలలు జర్మనీకి వచ్చి ప్రచారం చేయకూడదని అదే ఏడాది షరతు కూడా పెట్టింది. కెనడా గొడవ ఇంకో రకం. ఫ్రాన్స్ తన ప్రవాసుల కోసం 11 నియోజకవర్గాలు ఏర్పాటు చేసింది, మొదటిది అమెరికా, కెనడా కలిపి. ఓటు వేసుకుంటే వేసుకోండి గానీ మా దేశం మీ నియోజకవర్గం ఎలా అవుతుందని 2011లో కెనడా అభ్యంతరపెట్టింది. నన్నడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

నాకు నచ్చిన ఉదాహరణ ఇటలీ. అక్కడి ప్రవాసులు పోస్టు ద్వారా ఓటు వేస్తారు, అందుకు ఆతిథ్య దేశంతో ఒప్పందం ఉండాలి. ఒప్పందం లేని దేశంలో ఉంటే ఇటలీకి వచ్చి ఓటు వేయాలి. అప్పుడు టికెట్ ఖర్చులో 75 శాతం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది.

అపోహ: భారతీయులు కూడా ఎంబసీలోనో ఆన్‌లైన్‌లోనో ఓటు వేయొచ్చు.

వేయలేరు. 2010 సవరణతో 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోకి 20ఎ సెక్షన్ వచ్చింది. ఫారం 6ఎ నింపితే పాస్‌పోర్ట్‌లో ఉన్న భారత చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడ పేరు చేరుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. తల్లిదండ్రులు ఇప్పుడు ఉంటున్న ఇల్లు రాస్తారు, పాస్‌పోర్ట్ చివరి పేజీలో మాత్రం పదేళ్ల కిందటి అద్దె ఇల్లు ఉంటుంది. ఫారం నింపే ముందు ఆ పేజీ తెరిచి చూసుకోండి. పోలింగ్ రోజు స్వయంగా బూత్‌కు వెళ్లాలి, ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి. పోస్టల్ బ్యాలెట్ సౌకర్యం విదేశాల్లో డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల లాంటివాళ్లకే. మన తరఫున ఇంకొకరు ఓటు వేసే ప్రాక్సీ బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటకుండానే మురిగిపోయింది. ఫలితం చూడండి: 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.19 లక్షలు, వచ్చి ఓటు వేసినవాళ్లు 2,958 మంది. విమానం టికెట్ ధర చూసినవాళ్లెవరికీ ఇది ఆశ్చర్యం కాదు.

అపోహ: ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే.

లేదు. పేరులో సిటిజన్ అని ఉన్నా అది పౌరసత్వం కాదు.

అపోహ: ఎక్కువ ఏళ్లు బయట ఉంటే ఓటు పోతుంది.

కొన్ని దేశాల్లో నిజంగానే పోయేది. బ్రిటన్‌లో 15 ఏళ్ల పరిమితి ఉండేది, 2024 జనవరిలో తీసేశారు. కెనడాలో ఐదేళ్ల పరిమితి ఉండేది. 2018లో పార్లమెంటు చట్టం మార్చింది, 2019లో సుప్రీంకోర్టు ఆ పాత నిబంధనే రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

అపోహ: రెండు పౌరసత్వాలున్నవాళ్లు ఒక దేశంలో ఓటు వేస్తే రెండోది పోతుంది.

ఈ భయానికి పాత కారణం ఉంది. బేస్ అఫ్రోయిమ్ అనే అమెరికా పౌరుడు 1951లో ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటు వేశాడు. 1960లో పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కు వెళితే, ఓటు వేశావు కాబట్టి నువ్విక పౌరుడివి కావన్నారు. ఆయన కోర్టుకెక్కాడు. 1967లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయన వైపు తీర్పు ఇచ్చింది. ఇది అమెరికా సంగతి. మిగతా చోట్ల ఆయా దేశాల పౌరసత్వ చట్టం చూసుకోవాలి.

అపోహ: పన్ను కడుతున్నాం, గ్రీన్‌కార్డు ఉంది, ఇక్కడే ఓటు వేయొచ్చు.

ఉంటున్న దేశాన్ని బట్టి ఉంటుంది. న్యూజిలాండ్ 1975 నుంచి శాశ్వత నివాసులకు ఓటు ఇస్తోంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారతీయ విద్యార్థి కూడా, కామన్వెల్త్ పౌరుడు కాబట్టి, పార్లమెంటు ఎన్నికల్లోనే ఓటు వేయొచ్చు. అమెరికాలో ఇదే పని చేస్తే దేశం నుంచి పంపించేయొచ్చు. ప్రమాదం పోలింగ్ బూత్‌లో కంటే డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గరే ఎక్కువ. 1993 చట్టం ప్రకారం చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ దరఖాస్తుతోపాటే ఓటరు నమోదు కూడా అడుగుతారు. వెనక క్యూ ఉంటుంది, చేయి అలవాటుగా అన్ని గడుల్లో టిక్ పెట్టుకుంటూ పోతుంది. మీరు పౌరులా అన్న గడిలో కూడా. ఓటు వేయకపోయినా, పౌరుడినని తప్పుగా చెప్పుకోవడమే పెద్ద తప్పు కింద లెక్క. ఓటరు కార్డు ఇంటికి వచ్చేసిందా? వాడకండి. రద్దు కోరుతూ ఉత్తరం రాసే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కు ఆ దరఖాస్తు కాపీ చూపించండి.