కన్వర్జెన్స్ బిల్లు మురిగిపోయాక ఏం మిగిలింది?

ఇప్పుడు ఒకే ఫైబర్ మీద ఫోను, టీవీ, ఇంటర్నెట్ మూడూ ఇంటికి వస్తున్నాయి. కానీ కేబుల్ ధరలు తేల్చేది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, చానల్‌కు అనుమతి ఇచ్చేది సమాచార, ప్రసార శాఖ, ఫోన్ కంపెనీకి లైసెన్సు ఇచ్చేది టెలికాం శాఖ. ఓటీటీ సిరీస్‌లకు 2021 ఐటీ నిబంధనలు.

ఇవన్నీ ఒకచోటికి చేర్చాలని 2001లోనే అనుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో కమ్యూనికేషన్ కన్వర్జెన్స్ బిల్లు పెట్టింది. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1995 కేబుల్ టీవీ చట్టంతో పాటు నాలుగేళ్ల కిందటే వచ్చిన ట్రాయ్ చట్టాన్ని కూడా రద్దు చేసి, లైసెన్సులు, ధరలు, కంటెంట్ నియమాలు అన్నీ ఒకే కమిషన్‌కు అప్పగించాలన్నది ప్రతిపాదన. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. 2004 ఫిబ్రవరిలో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది.

అంతకు కొద్ది వారాల ముందు, జనవరిలో, ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో ప్రసారాలను, కేబుల్‌ను ‘టెలికాం సేవల’ కింద చేర్చి ట్రాయ్‌కి ఇచ్చేసింది. అదే నేటికీ నడుస్తోంది. 2019లో 100 చానళ్లకు 130 రూపాయలు, పైన జీఎస్టీ అని పరిమితి పెట్టే అధికారం ట్రాయ్‌కి అలా వచ్చిందే.

బ్రిటన్‌లో మాత్రం 2003 డిసెంబరు చివర ఆఫ్‌కామ్ అనే ఒకే నియంత్రణ సంస్థ ఐదు సంస్థల పనిని తీసుకుంది. 2011లో తపాలా కూడా దానికే వెళ్లింది. లాత్వియా ఇంకా దూరం పోయి కరెంటు, నీళ్లు, టెలికాం, తపాలా అన్నీ ఒకే కమిషన్ కింద పెట్టింది. మన దగ్గర కేబుల్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. ఆ స్తంభం కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌ది, డిస్కమ్ మీద పెత్తనం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిది.

ఇక్కడ ఎందుకు కుదరలేదు? శాఖలు అధికారం వదులుకోవన్నది అసలు కారణం అనుకుంటాను. 2000లోనే ట్రాయ్ నుంచి వివాదాల విచారణ తీసేసి టీడీశాట్ అనే ప్రత్యేక ట్రిబ్యునల్‌కు ఇచ్చారు. లైసెన్సుల విషయంలో ట్రాయ్‌ది సిఫారసు మాత్రమే, తుది మాట టెలికాం శాఖది. అయితే టవర్లకూ వార్తలకూ ఒకే సంస్థ కాపలా ఉంటే ప్రమాదమన్న భయాన్ని కూడా కొట్టిపారేయలేం.

విచిత్రమేమిటంటే కలపడం అప్పీళ్ల దగ్గర జరిగింది. 2017లో విమానాశ్రయ చార్జీల వివాదాలు, సైబర్ అప్పీళ్లు కూడా టీడీశాట్‌కే చేరాయి. కింద మాత్రం ఎవరి చట్టం వాళ్లదే. 2023 డిసెంబరులో టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో కొత్త టెలికాం చట్టాన్ని ఆమోదించారు. ప్రసారాలకు నవంబరులోనే విడిగా మరో ముసాయిదా బిల్లు బయటికి వచ్చింది.