గోడ చాటుకు వెళ్లాక తూటా ఎలా తగిలింది? గేమ్ సర్వర్లపై అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్ ఆటలను నడిపే కంప్యూటర్లైన గేమ్ సర్వర్ల పనిలో ఉన్న నాకు రోజూ ఎదురయ్యే ఆరోపణతోనే మొదలుపెడతాను.

అపోహ: ‘గోడ చాటుకు వెళ్లిపోయాక కాల్చాడు. సర్వర్ మోసం చేసింది.’

వాస్తవం: మీరిద్దరూ చూసింది వేర్వేరు క్షణాలను. లెక్క వేద్దాం. మీ కదలిక సర్వర్‌కు చేరడానికి 30 మిల్లీసెకన్లు, అక్కడి నుంచి ప్రత్యర్థికి 50 అనుకోండి. మీ పాత్ర కుదుపుల్లేకుండా కదలాలని అతని గేమ్ మరో 50 ఆగి చూపిస్తుంది. అతను కాల్చిన సంగతి సర్వర్‌కు తెలియడానికి 50, తీర్పు మీకు అందడానికి 30. మొత్తం 210. సెకనుకు 5 మీటర్లు పరుగెత్తే పాత్ర ఈలోగా మీటరుకు పైగా దాటేస్తుంది. అందుకే సర్వర్ కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి, కాల్చినవాడి తెరపై అప్పుడు మీరెక్కడున్నారో చూసి తీర్పు చెబుతుంది. అలా చూడకపోతే, కదిలే మనిషికి సరిగ్గా గురిపెట్టిన తూటా కూడా గాలిలోకే పోతుంది. ఇద్దరిలో ఒకరు నష్టపోక తప్పనప్పుడు గురి కుదిరినవాడి పక్షాన నిలవడమే న్యాయమని నా నమ్మకం. అయితే ఎంత వెనక్కి తిప్పాలో హద్దు ఉండాలి. లేదంటే బలహీనమైన కనెక్షనే ఆయుధమవుతుంది.

అపోహ: ఇంటర్నెట్ ప్లాన్ పెద్దదైతే లాగ్ (ఆట ఆలస్యంగా స్పందించడం) ఉండదు.

వాస్తవం: ఆట సాగుతున్నప్పుడు అటూ ఇటూ వెళ్లే సమాచారం చాలా కొద్ది. అసలు అడ్డంకి దూరం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 5,000 కిలోమీటర్ల అవతలి సర్వర్‌కు వెళ్లి రావాలంటే, కేబుల్ తిన్నగా ఉన్నా 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఇలా సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయమే పింగ్. 30కీ 150కీ మధ్య ఊగే పింగ్ కంటే నిలకడగా 80 ఉండటమే మేలు.

అపోహ: టిక్ రేటు 128 ఉంటే చాలు.

వాస్తవం: సర్వర్ సెకనుకు ఎన్నిసార్లు ఆటను లెక్కగడుతుందో అదే టిక్ రేటు. 64 ఉంటే సర్వర్ 15.6 మిల్లీసెకన్లకొకసారి ఆటను లెక్కగడుతుంది, 128 ఉంటే 7.8కి ఒకసారి. మంచిదే. కానీ పైన చెప్పిన 210లో తగ్గేది కొంచెమే.

అపోహ: నిర్ణయాలన్నీ సర్వర్‌వే అయితే మోసగాళ్లకు చోటుండదు.

వాస్తవం: తూటాల సంఖ్య పెంచుకోవడం లాంటివి కుదరవు. గోడ అవతలి మనిషిని చూసే మోసం మాత్రం కుదురుతుంది. అతని స్థానం మీ కంప్యూటర్‌కు ముందే చేరి ఉంటుంది, గేమ్ దాన్ని తెరపై చూపదంతే. గట్టి మందు ఒకటుంది: కనిపించే వీలు లేనివారి స్థానాన్ని అసలు పంపకపోవడం. కానీ మూల తిరిగేవాడు ఉన్నట్టుండి ఎదుట ప్రత్యక్షం కాకూడదు కాబట్టి అతని స్థానం కాస్త ముందుగా పంపాలి, పింగ్ ఎక్కువున్నవారికి ఇంకాస్త ముందుగా. ఆ ‘కాస్త’ ఎంతో తేల్చడంలోనే మా కష్టమంతా ఉంది.