పది లక్షల్లో ఒక్క రోజు: గ్రిడ్ కూలే అవకాశాన్ని లెక్కకట్టిన కథ

2014 అక్టోబర్ 12, ఆదివారం. పొద్దున్నుంచి విశాఖను ఊపేసిన గాలి మధ్యాహ్నం కాసేపు ఆగింది. హుద్‌హుద్ తుఫాను కన్ను మా మీదుగా పోతోందని అప్పుడు తెలియదు. తలుపు తీసి చూస్తే వీధి చివర కరెంటు స్తంభం ఒక పక్కకు ఒరిగి ఉంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. సాయంత్రానికి అదే స్తంభం రెండో పక్కకు విరిగి, తీగలతో సహా కొబ్బరిచెట్టు కింద పడి ఉంది. వారం రోజులు కరెంటు లేదు. మోటారు ఆడక మూడో అంతస్తుకు బిందెలతో నీళ్లు మోశాం. మెట్లెక్కుతున్న ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఇలాంటి రోజును ముందే లెక్కకట్టలేరా?

ఈ లెక్కకు పాత చరిత్రే ఉంది. కొన్ని జనరేటర్లు ఆగిపోతే డిమాండ్‌కు సరిపడా కరెంటు అందని అవకాశం ఎంతో సంభావ్యతతో చెప్పొచ్చని 1947లో కాలబ్రీస్ అనే ఇంజనీరు చూపించాడు. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రణాళికల్లో దీనికి పెట్టుకున్న హద్దు 0.2 శాతం, అంటే ఏడాదికి దాదాపు పదిహేడున్నర గంటలు. అయితే అది ఉత్పత్తి చాలకపోవడం గురించి. ఒక లైన్ ట్రిప్ అయి, అంటే దానంతటదే ఆగిపోయి, దాని లోడ్ పక్క లైన్ మీద పడి, అదీ ట్రిప్ అయి, అలా లైన్లన్నీ కలిసిన అల్లిక, అంటే గ్రిడ్ మొత్తం కూలడం వేరే సంగతి.

2012 జూలై 30న జరిగింది అదే. బీనా–గ్వాలియర్ 400 కేవీ లైన్ ట్రిప్ అవడంతో మొదలై ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. అరవై కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతమది. దక్షిణ గ్రిడ్ మాత్రం కూలలేదు. దానికి కారణమైన ఏర్పాట్లలో ఒకటి మన విశాఖ గాజువాకలోనే ఉంది. తూర్పు నుంచి వచ్చే, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటును ఒకే దిశలో పోయే డీసీగా మార్చి, మళ్లీ ఏసీ చేసి ఇటు పంపే స్టేషన్ అది. అటువైపు ఫ్రీక్వెన్సీ, అంటే ఆ దిశ మారే వేగం, ఎంత ఊగినా ఆ ఊపు ఇటు రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణాది కూడా దేశ గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది. అక్కడి మిగులు మనకు రావడం మంచిదే. కానీ అక్కడి కుదుపులోనూ ఇప్పుడు మనకు వాటా ఉంది.

మరి ఇంత అరుదైనదాన్ని కొలిచేదెలా? 1946లో జబ్బు నుంచి కోలుకుంటున్న గణితవేత్త స్టానిస్లా ఉలమ్ ఒంటరిగా పేకాట ఆడుతూ, గెలిచే అవకాశం ఫార్ములాతో తేలడం లేదని, చాలాసార్లు ఆడి గెలుపులు లెక్కపెడితే పోయేదేముందని అనుకున్నాడు. మాంటె కార్లో పద్ధతి అలా పుట్టింది. గ్రిడ్‌నూ కంప్యూటర్‌లో అలాగే ఆడించొచ్చు. చిక్కల్లా అంకెలతోనే. పది లక్షల్లో ఒక్కసారి జరిగేదాన్ని పది శాతం తేడాలోపు అంచనా వేయాలంటే దాదాపు 10 కోట్ల సార్లు ఆడించాలి. ఒక్కో ఆటకు ఒక సెకను పట్టినా మూడేళ్లు దాటిపోతాయి.

అణు పరిశోధన ఈ చిక్కును ముందే చూసింది. మందపాటి అడ్డుగోడను దాటి వచ్చే కణాలు బహు కొద్ది. 1951లో హెర్మన్ కాన్, హారిస్ అనే పరిశోధకులు రాసిన పద్ధతిలో గోడలో కొంత లోపలికి చేరిన కణాన్ని అక్కడే కొన్ని నకళ్లుగా చీలుస్తారు. గ్రిడ్‌లో అయితే ఒక లైన్ పోయిన స్థితి నుంచి వెయ్యి ఆటలు, అందులో రెండోది పోయిన స్థితుల నుంచి మరో వెయ్యి. ఒక్కో మెట్టు దాటే అవకాశం పదింట ఒకటైతే, ఆరు మెట్లకు పది లక్షల్లో ఒకటి. ఆరు వేల ఆటలతో ఒక అంచనా దొరుకుతుంది. ఇంకో దారిలో, వెయ్యింట ఒకసారి పోయే లైన్‌ను కావాలనే పదింట ఒకసారి పోయేలా చేస్తారు. అది పోయిన ప్రతిసారీ లెక్కలో నూరో వంతే వేస్తారు, పోనప్పుడు కాస్త ఎక్కువ వేస్తారు.

నాకు అసలు బాధ కలిగించేది ఈ లెక్కలోకి వెళ్లే మొదటి అంకె. రెండు లైన్లు ఒక్కొక్కటి వెయ్యింట ఒకసారి పోతాయనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే రెండూ ఒకేసారి పోయేది పది లక్షల్లో ఒక్కసారి. కానీ దాదాపు 180 కిలోమీటర్ల గాలికి సంబంధం లేని లైన్లు ఉండవు. ఆ రోజు మా వీధి స్తంభాన్ని తోసిన గాలే ఊళ్లో మిగతా స్తంభాలన్నిటినీ తోసింది. తుఫానును పక్కనపెట్టి లైన్లను విడివిడిగా చూస్తే, ఎంత గొప్ప సిమ్యులేషన్ చేసినా తప్పు జవాబే వస్తుంది. పాత రికార్డులతో సరిపెట్టుకుందామంటే మన తీరంలో 1977 దివిసీమ, 1996 కోనసీమ, 2014 విశాఖ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అందుకే తుఫాన్లనే కంప్యూటర్‌లో వేలకొద్దీ పుట్టించి, ఒక్కోదాన్నీ గ్రిడ్ మీదికి వదలాలి.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో తీగలను భూగర్భ కేబుళ్లుగా మార్చే పని మొదలైంది. భూమిలో ఉన్న కేబుల్‌ను గాలి ఏమీ చేయలేదు. కానీ పైన ఉండే స్విచ్ బాక్సుల్లోకి వాన నీరు చేరొచ్చు, తవ్వకాల్లో కేబుల్ తెగొచ్చు, ఎక్కడ తెగిందో లైన్‌మన్ కంటికి కనపడదు. గాలికి వేసిన లెక్కను ఇప్పుడు నీటికి మొదటి నుంచి వేయాలి.